స్తంభాన్ని కొట్టినవాడెవడు? – ఉగ్రస్తంభ యాత్రికులకు ఒక విన్నపం

శ్రీ లక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః.



శ్రీమద్భాగవతం సప్తమస్కంధంలోని ప్రహ్లాదచరిత్ర తెలియని తెలుగు గృహం ఉండదు. పోతనామాత్యుని పద్యాలు వినకుండా పెరిగిన తెలుగు బిడ్డలు ఒకప్పుడు అరుదు. అయినా ఆ కథలోని ఒక చిన్న అంశాన్ని మనం తగినంతగా మననం చేయలేదని నాకు అనిపిస్తుంది. ఆ సభామండపంలో ఒక స్తంభం ఉన్నది. దాని ఎదుట తండ్రీకొడుకులు ఇద్దరు నిలిచి ఉన్నారు. ఒకడు ఆ స్తంభంలో శ్రీహరిని చూశాడు. చేయి చాపలేదు, పరీక్షించలేదు, ప్రత్యక్షం కమ్మని నిర్బంధించలేదు. రెండవవాడు దానిని కొట్టాడు. చూసినవాడు ప్రహ్లాదుడు, కొట్టినవాడు హిరణ్యకశిపుడు.

ఈ భేదం సామాన్యమైనది కాదు. భక్తునికీ అసురునికీ మధ్యనున్న సరిహద్దు అక్కడే ఉన్నది. ఎదుటనున్న వస్తువులో పరమాత్మ ఉన్నాడని నమ్మినవానికి దానిని కొట్టవలసిన అవసరం రాదు. లేడని తలచినవానికే చేయి లేస్తుంది. మరి నేడు అదే స్తంభమని స్థలపురాణం చెప్పే అహోబిల ఉగ్రస్తంభం ఎదుటికి చేరుతున్న మనం వీరిద్దరిలో ఎవరి పక్షాన నిలుస్తున్నాము? ఈ వ్యాసంలో నేను అడగదలచినది ఈ ఒక్క ప్రశ్నే.

నంద్యాల నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, ఆళ్ళగడ్డ నుంచి సుమారు 25 కిలోమీటర్లు ప్రయాణిస్తే దిగువ అహోబిలం వస్తుంది. అక్కడ ప్రహ్లాదవరదస్వామి కొలువై ఉన్నాడు. మరో 8 కిలోమీటర్లు కొండల్లోకి వెళితే ఎగువ అహోబిలం. నల్లమల గర్భంలో జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నామాలతో నవనారసింహులు వెలసిన క్షేత్రమిది. 108 దివ్యదేశాలలో ఒకటి. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో పది పాశురాలతో మంగళాశాసనం చేసిన స్థలం. 1398లో ఆదివణ్ శఠగోప యతీంద్ర మహాదేశికులతో అహోబిల మఠం ఆరంభమైనదని సంప్రదాయం చెబుతుంది.

ఎగువ సన్నిధి నుంచి భవనాశినీ ప్రవాహం వెంబడి, రాళ్ళ మీద అడుగులు చూసుకుంటూ, జ్వాలానృసింహుని గుహను చేరాలి. అసురసంహారానంతరం స్వామి చేతులు కడుగుకున్నాడని చెప్పే రక్తకుండం అక్కడే ఉన్నది. అక్కడి నుంచి పైకి సాగే కఠినమైన ఆరోహణమే ఉగ్రస్తంభానికి మార్గం. కొండ శరీరం నుంచి చీలి ఒంటరిగా నిలిచిన ఆ మహాశిలను ఏ శిల్పీ మలచలేదు, ఏ రాజూ నిలబెట్టలేదు. చీలిన ఆ ఆకృతిలోనే మన పూర్వులు నృసింహావిర్భావాన్ని దర్శించారు.

కొంతకాలం క్రితం నేను ఆ మార్గంలో వెళ్ళాను. చివరి ఏటవాలులో ఒక వృద్ధురాలు ఆగిపోయింది. ఇక ఎక్కలేనని గ్రహించి, పక్కనున్న బండకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని కొంతసేపు అలాగే ఉన్నది. పిదప, “ఇదీ ఆయన కొండే గదా నాయనా” అని నాతో అని, మెల్లగా వెనుదిరిగింది. నేను పైకి చేరాను. అక్కడ శిల మీద ఎవరెవరివో పేర్లు, ప్రేమ గుర్తులు, సంవత్సరాలు రంగుతో వ్రాసి ఉన్నాయి. పగుళ్ళలో ప్లాస్టిక్ సంచులు, నీళ్ళ సీసాలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక యువకుడు గులకరాయితో బండ అంచును కొడుతున్నాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో పూజలో పెట్టుకోవడానికి చిన్న ముక్క కావాలన్నాడు. అతని కంఠాన తులసిమాల ఉన్నది, నుదుట తిరుమణి ఉన్నది. అతని భక్తిని నేను శంకించలేదు. కానీ ఆ చేతిని చూసినప్పుడు నాకు ప్రహ్లాదుడు గుర్తుకు రాలేదు.

ఆ యువకుణ్ణి నిందించి ఊరుకోవడం సులభం. నిజానికి అతనికి ఎవరూ బోధించలేదు. ఉపన్యాసాలలో స్తంభం చీలిన ఘట్టాన్ని గర్జిస్తూ వర్ణిస్తాము. స్తంభం ఎదుట ప్రహ్లాదుడు నిలిచిన తీరును వదిలివేస్తాము. లోపం అక్కడ ఉన్నది. అందుచేత, ఉగ్రస్తంభ రక్షణ ప్రసక్తి రాగానే సాధారణంగా వినవచ్చే ఆక్షేపణలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

మొదటి ఆక్షేపణ వేదాంతరూపంలో వస్తుంది. “జగద్రక్షకుడైన స్వామి అవతరించిన శిలను మానవమాత్రులమైన మనం రక్షించడమేమిటి? ఆయనకు కావాలంటే ఆయనే కాపాడుకుంటాడు” అంటారు. వినడానికి ఇది శరణాగతి వలె ఉన్నది. విచారిస్తే తమోగుణమని తేలుతుంది. బృహదారణ్యకోపనిషత్తులోని అంతర్యామి బ్రాహ్మణం పృథివిని పరమాత్మకు శరీరంగా చెప్పింది. ఆ శ్రుతిని ఆధారం చేసుకునే భగవద్రామానుజులు చేతనాచేతన ప్రపంచమంతా ఈశ్వరునికి శరీరమని, ఆయన శరీరి అని ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతాన్ని నోట అంగీకరించి, చేతితో శిల మీద రంగు పూయడం ఎట్లా పొసగుతుంది? ఎవరినీ రక్షించమని మనలను ఎవరూ అడగడం లేదు. గాయపరచవద్దని మాత్రమే అడుగుతున్నారు. తల్లిని పోషించే శక్తి శిశువుకు లేకపోవచ్చు. ఆ కారణంగా తల్లిని గిల్లే హక్కు శిశువుకు రాదు. శరణాగతిలో మొదటి అంగమే ఆనుకూల్యసంకల్పం, రెండవది ప్రాతికూల్యవర్జనం. ఆయనకు ప్రతికూలమైనది చేయకుండా ఉండటమే కైంకర్యానికి తొలిమెట్టు.

అద్వైతమార్గంలో నడిచే సాధకునికీ ఇందులో మినహాయింపు లేదు. నామరూపాలు మిథ్య అని శాస్త్రం చెప్పినమాట నిజమే. అయితే ఆ మాట ముందుగా అన్వయించుకోవలసినది తన నామానికీ తన రూపానికీ. శిల మిథ్య అంటూ దాని మీద తన పేరు శాశ్వతంగా ఉండాలని చెక్కేవాడు ఏ వేదాంతం చదువుకున్నట్లు?

రెండవ ఆక్షేపణ ఎదుటి దిక్కు నుంచి వస్తుంది. “అది ప్రకృతిసిద్ధమైన రాయి. దేవుడూ లేడు, స్తంభమూ లేదు. ఇన్ని కోట్ల ఏళ్ళు నిలిచినదానికి నాలుగు పేర్లు వ్రాస్తే వచ్చే నష్టమేమిటి?” అంటారు. ప్రకృతిసిద్ధమైన శిల అన్నమాటను మనమూ నిరాకరించనక్కరలేదు. మన ఆగమాలు స్వయంవ్యక్త క్షేత్రాలను మానవప్రతిష్ఠల కంటే అధికంగా గౌరవించినది మానవహస్తం సోకనందుకే. భూగర్భశాస్త్రం చెప్పేది వింటే మన విస్మయం పెరుగుతుందే గాని తరగదు. నల్లమల కొండలు కడప శిలాసముదాయానికి చెందినవి. ఒక పురాతన సముద్రపు అడుగున పేరుకున్న ఇసుక, కాలక్రమంలో ఒత్తిడికీ వేడికీ లోనై క్వార్ట్‌జైట్ అనే కఠినశిలగా మారింది. భూచలనాలకు పొరలు ముడుతలు పడి పైకి లేచాయి. వీటి వయస్సు నూరు కోట్ల సంవత్సరాలకు మించినది. నరుడు లేడు, మృగం లేదు, నేల మీద తృణం కూడ లేదు. అప్పటికే ఈ ఇసుకరేణువులు శిల కావడం ఆరంభించాయి.

అయితే కఠినమైనది అభేద్యమని అర్థం కాదు. ఇటువంటి శిలలో నిట్టనిలువు పగుళ్ళు సహజంగానే ఉంటాయి. వాననీరు వాటిలో దిగుతుంది, చెట్ల వేళ్ళు దూరుతాయి, ఎండకూ చలికీ రాయి వ్యాకోచ సంకోచాలు పొందుతుంది. కొండ నుంచి స్తంభాన్ని వేరుపరచినది ఏ ప్రక్రియయో, ఒకనాడు దానిని కూల్చగలదీ ఆ ప్రక్రియే. ఆ కాలాన్ని మనం ఆపలేము. త్వరపెట్టకుండా ఉండగలము. అంచులను కొట్టడం, పగుళ్ళలో మేకులు దిగగొట్టడం, బండను ఆనుకుని మంటలు వేయడం – ఇవన్నీ ఆ పగుళ్ళను పెంచే పనులే. మంట తగిలిన రాతి పైభాగం వేడికి ఉబ్బి పొరలుగా ఊడిపోతుంది. విరిగిన అంచు మళ్ళీ మొలవదు. ఆలయగోపురం శిథిలమైతే జీర్ణోద్ధరణ విధి ఉన్నది, సంప్రోక్షణ ఉన్నది. ఉగ్రస్తంభానికి జీర్ణోద్ధరణ ఏ ఆగమంలో ఉన్నది? ఏ స్థపతి చేయగలడు?

ఆళ్ళగడ్డ పేరు చెప్పగానే శిల్పుల వీధులు గుర్తుకు వస్తాయి. ఆ ఊరి ఉలి నుంచి వెలువడిన దేవతామూర్తులు ఎన్నో ఊళ్ళ ఆలయాలలో పూజలు అందుకుంటున్నాయి. రాతి మీద ఉలి ఆనించే అధికారం ఎవరికైనా ఉంటే అది వారికి ఉన్నది. కానీ శిల్పి ఏ రాయి ముట్టాలో, ఏది ముట్టరాదో తెలిసినవాడు. వరాహమిహిరుని బృహత్సంహితలో ప్రతిమకై అడవిలో వృక్షాన్ని ఛేదించేముందు దానిని ఆశ్రయించిన భూతాలకు బలి సమర్పించి, మరొక నివాసానికి తరలిపొమ్మని ప్రార్థించే విధి ఉన్నది. దేవుని విగ్రహం కోసం చెట్టు నరకడానికే అనుజ్ఞ కోరిన సంప్రదాయం మనది. అటువంటప్పుడు దేవుడే వెలసిన శిలను ఇంటి షోకేసులో ముక్క కోసం విరుగగొట్టడానికి ఎవరి అనుజ్ఞ తీసుకున్నాము?

ఇక్కడ ఒక చక్రవర్తిని స్మరించడం ఉచితం. కళింగ దండయాత్రల కాలంలో, 1515 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయలు అహోబిలం వచ్చి స్వామికి ఆభరణాలను, బంగారాన్ని, గ్రామాన్ని సమర్పించినట్లు శాసనం ఉన్నది. దిగువ సన్నిధి ఎదుట నిలిచిన జయస్తంభాన్ని ఆయన విజయానికి చిహ్నంగా చెబుతారు. ఆలోచించండి. తన దానాన్ని శాసనంగా వ్రాయించదలచినవాడు అందుకు వేరే శిల చూసుకున్నాడు. తన విజయాన్ని చాటదలచినవాడు అందుకు వేరే స్తంభం ఎత్తించాడు. సామ్రాజ్యాధిపతికి ఉగ్రస్తంభం మీద తన పేరు వ్రాసుకునే ధైర్యం కలగలేదు. రంగుడబ్బా చేతపట్టిన మనకు కలిగింది.

మూడవ ఆక్షేపణ కరుణారూపంలో వస్తుంది గనుక జాగ్రత్తగా సమాధానం చెప్పవలసి ఉన్నది. “వృద్ధులు, వికలాంగులు, రోగులు ఎట్లా చూడాలి? మెట్లు కట్టండి, రోప్‌వే వేయండి, పైవరకు కంచె, దీపాలు, దుకాణాలు పెట్టండి. దర్శనం అందరికీ సులభం కావాలి” అంటారు. దర్శనం అందరికీ అందాలన్నమాట సత్యం. కానీ ఈ క్షేత్రం ఆ సమస్యను ఎన్నడో పరిష్కరించింది. కొండ ఎక్కలేనివారి కోసం దిగువన సమతలం మీదే ప్రహ్లాదవరదుని సన్నిధి ఉన్నది. అంతటితో స్వామి తృప్తిపడలేదు. ఏటా సంక్రాంతి దినాలలో పారువేట పేరున ఉత్సవమూర్తులు పల్లకిలో బయలుదేరి, నలభై రోజులకు పైగా చుట్టుపక్కల గ్రామాలలో తిరుగుతారు. చెంచులక్ష్మిని వరించిన స్వామి తన కల్యాణానికి తానే ఇంటింటికీ వచ్చి పిలుస్తున్నాడని ప్రజలు భావిస్తారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల నాటికి తిరిగి సన్నిధి చేరుకుంటారు. ఎక్కలేని భక్తుని కోసం దేవుడే దిగివచ్చే ఏర్పాటు శతాబ్దాలుగా నడుస్తున్న క్షేత్రంలో, కొండను దించమని అడగడం అజ్ఞానం కాదా?

తిరుమంగై ఆళ్వారు ఈ స్థలాన్ని సులభంగా చేరదగినదని కీర్తించలేదు. నిప్పులు చెరిగే ఎండలు, క్రూరమృగాలు, విల్లు పట్టిన వేటగాండ్రు తిరిగే చోటని, దేవతలకు తప్ప ఇతరులకు చేరరానిదని పాడారు. ఆ దుర్గమత్వమే స్తోత్రవస్తువైనది. దుర్గమత్వాన్ని తొలగిస్తే మిగిలేది ఒక ఎత్తైన రాయి, దాని పక్కన ఒక టీకొట్టు, ఫోటోలు దిగడానికి ఒక వేదిక.

నేను కాలిబాటకే వ్యతిరేకిని కాను. జారే చోట పట్టుకొమ్మ ఉండాలి; ప్రవాహం దాటే చోట దృఢమైన వంతెన ఉండాలి; దారిలో ప్రథమచికిత్స అందాలి. యాత్రికుని ప్రాణం కూడ స్వామి సొత్తే. ఆ పనులన్నీ బాటకు చెందినవి. అవి బాట దగ్గర ఆగాలి. స్తంభాన్ని తాకరాదు. వృద్ధురాలు ఆగిన చోటనే నుదురు ఆనించి దర్శనం పొందింది. శిఖరం ఎక్కి సెల్ఫీ తీసుకుని దిగినవానికి ఏమి లభించిందో అతనికే తెలియాలి.

నాలుగవ ఆక్షేపణ బాధ్యతను పక్కకు నెడుతుంది. “ఇది ప్రభుత్వం చూసుకోవలసిన పని” అంటారు. ప్రభుత్వం చేయవలసినది తప్పక ఉన్నది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రధానంగా మానవుడు నిర్మించినవాటినీ పురావస్తు అవశేషాలనూ దృష్టిలో ఉంచుకున్నది. భూమి స్వయంగా నిర్మించినవాటికి అటువంటి ప్రత్యేక రక్షణచట్టం దేశంలో ఇంకా అమలులోకి రాలేదు. 2022లో భూవారసత్వ స్థలాల రక్షణకు ఒక ముసాయిదా మాత్రం వెలువడింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కొన్నిటిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తించింది. తిరుమల శిలాతోరణం వాటిలో ఒకటి. అక్కడ చుట్టూ కంచె ఉన్నది. జనం దూరంగా నిలిచి చూసి, నమస్కరించి వెళ్ళిపోతున్నారు. కంచె ఉన్నందున ఎవరి భక్తీ తగ్గలేదు. అదే కడప శిలాసముదాయంలో, అదే తూర్పు కనుమల్లో నిలిచిన ఉగ్రస్తంభం అటువంటి గుర్తింపుకు ఏ విధంగా తక్కువ? ఈ ప్రశ్నను నంద్యాల జిల్లా ఆస్తికలోకం ఒక్క కంఠంతో అడగవలసి ఉన్నది.

రోజుకు ఇంతమంది అన్న పరిమితి, అటవీశాఖ వద్ద నమోదు, ఆ కొండలను తమ ఇల్లుగా ఎరిగిన చెంచులకు మార్గదర్శకులుగా గౌరవప్రదమైన జీవనోపాధి – ఇవి అసాధ్యమైన కోర్కెలు కావు. స్వామికి ఆడపడుచునిచ్చిన వంశమని మనం చెంచులను కీర్తిస్తాము. ఆ వియ్యంకుల ఇంటికి వెళ్ళి చెత్త పోసి రావడం ఏ మర్యాద?

కానీ చట్టం వచ్చేవరకు ఆగవలసిన పని లేదు. ప్రహ్లాదుడు ఏ రాజశాసనాన్ని చూసి హరిని నమ్మాడు? అక్కడి రాజశాసనం అతనికి ప్రతికూలంగానే ఉన్నది గదా. సాధకునికి నియమం లోపలి నుంచి పుట్టాలి. కనుక ఉగ్రస్తంభ యాత్రకు సంకల్పించే ప్రతివారూ కొన్ని నియమాలను దీక్షాంగంగా స్వీకరించాలని నా ప్రార్థన. తీసుకువెళ్ళిన ప్రతి సీసా, ప్రతి సంచి తిరిగి కిందకు తేవాలి. కర్పూరం వెలిగించాలంటే అందుకు సన్నిధులు ఉన్నాయి. స్తంభం వద్ద నిప్పు వద్దు. ఎండుగడ్డి నిండిన వేసవి అడవిలో ఒక్క అగ్గిపుల్ల ఎన్ని ప్రాణులను దహిస్తుందో తలచుకోవాలి. భవనాశినిలో వస్త్రాలు విడవరాదు. భవబంధాన్ని నశింపజేసే నదికి మన పాతగుడ్డల బంధం తగిలించరాదు. వానలు కురిసి ప్రవాహం పెరిగిన రోజున ముందుకు సాగరాదు. ఉదయమే బయలుదేరి, పొద్దు వాలకముందే దిగిరావాలి. రాత్రి ఆ అడవి పులులది, ఎలుగులది. ఎక్కడ శక్తి చాలదో అక్కడే ఆగి నమస్కరించాలి. రాతిముక్క తేరాదు, పేరు వ్రాయరాదు. స్వామి నామం వ్రాసినా అపచారమే. ఆయన నామం శిలకు అక్కరలేదు, మన నాలుకకు కావాలి.

గురుస్థానంలో ఉన్నవారికీ, యాత్రలు నడిపే భక్తసంఘాలకూ ఒక మాట. బస్సు బయలుదేరేముందు గోవిందనామం చెప్పిస్తున్నారు, సంతోషం. దానితోపాటు ఈ నియమాలనూ చెప్పించండి. దర్శనానంతరం ఒక్కొక్కరు ఒక్కొక్క సంచి చెత్త మోసుకు దిగితే దానిని కూడ కైంకర్యంగా గుర్తించి ప్రసాదం ఇవ్వండి. సన్నిధిలో చీపురు పట్టడాన్ని మహాసేవగా బోధించిన సంప్రదాయం మనది. కొండదారి ఆ సన్నిధికి ప్రాకారమే.

మహాశయులారా, పురాణం చెప్పే పరమార్థాన్ని ఒకమారు తిరిగి చూడండి. భక్తుడు పలికిన మాటను సత్యం చేయడానికీ, తాను సర్వభూతాలలో వ్యాపించి ఉన్నానని చూపడానికీ భగవానుడు స్తంభంలో ప్రత్యక్షమయ్యాడు. ఆ శిల ఆనాడు ఇచ్చిన సాక్ష్యం ఒక్కటే: జడమని నీవు తలచినచోట కూడ ఆయన ఉన్నాడు. ఈ సాక్ష్యాన్ని నమ్మినందుకే మనం అంతదూరం నడిచి వెళ్తున్నాము. నమ్మినవారి చేయి అక్కడ ఎట్లా ప్రవర్తించాలో వేరే చెప్పనక్కరలేదు.

స్తంభాన్ని కొట్టినవానికీ స్వామి దర్శనం ఇచ్చాడు. ఏ రూపాన ఇచ్చాడో, ఆ దర్శనం ఎట్లా ముగిసిందో మనకు తెలుసు. కొట్టకుండా నిలిచినవాని శిరస్సు మీద అదే హస్తం చల్లగా వాలింది. ఉగ్రస్తంభం ఎదుట నిలిచినప్పుడు మన చేతులు ఏమి చేయాలో ఆ రెండు దర్శనాలూ చెబుతున్నాయి. చేతులు జోడిద్దాము.

శ్రీ లక్ష్మీనృసింహార్పణమస్తు.